పద్నాలుగు గంటల నీళ్లు, పదకొండు రోజుల ఉత్తరం

పై దేశం వాళ్లు ఆనకట్ట గేట్లు ఎత్తితే, ఆ నీళ్లు ఫల్కున్ వాళ్ల అక్క ఊరు చేరడానికి పద్నాలుగు గంటలు పడుతుంది. గేట్లు ఎత్తబోతున్నాం, జాగ్రత్త అని వాళ్లు రాసే ఉత్తరం చేరడానికి పదకొండు రోజులు పడుతుంది.

ఇందులో ఉత్తరం తప్పేమీ లేదు. నీళ్లకి మర్యాద తెలియదు, పల్లం కనిపిస్తే దిగిపోతాయి. ఉత్తరం అలా దిగితే బాగుండదు కదా. ఆనకట్ట ఆఫీసు నుంచి వాళ్ల జిల్లాకి, జిల్లా నుంచి వాళ్ల రాజధానికి వెళ్లాలి. అక్కడ ఇంగ్లీషులోకి మారాలి. సంతకం చెయ్యాల్సినాయన ఊళ్లో ఉండాలి. తర్వాత ఇటు కింది దేశపు రాజధాని నాంపెన్ వచ్చి, ఇంగ్లీషులోంచి ఖ్మేర్‌లోకి దిగి, ముద్ర వేయించుకుని, చివరికి సరిహద్దు దగ్గరి స్తుంగ్ త్రెంగ్‌లో ఫల్కున్ బల్ల మీద పడాలి. దాన్ని రిజిస్టర్లో ఎక్కించి, "మీ ఉత్తరం అందింది, కృతజ్ఞతలు" అని జవాబు రాయడం ఫల్కున్ ఉద్యోగం. ఎనిమిదేళ్లలో ఒక్క వరదకి కూడా అతను కృతజ్ఞతలు చెప్పడం మానలేదు.

ఫల్కున్ పనిచేసే గది తలుపు మీద "ప్రాంతీయ సహకారం, సుస్థిర అభివృద్ధి" అని రాసి ఉంటుంది. ఆ గదిలో పై దేశాన్ని పేరుపెట్టి పిలవరు. పేరు పెడితే అది ఫిర్యాదు అవుతుంది, ఫిర్యాదు అయితే సహకారం చెడుతుంది. వాళ్లు కూడా వీళ్లని "కింది దేశం" అనే అంటారు. అలా ఒకరి పేరు ఒకరు నోటితో అనకుండా, పాతకాలపు మొగుడూపెళ్లాల్లా, రెండు దేశాలూ సహకరించుకుంటూ కాలం గడుపుతున్నాయి.

ఫల్కున్ అక్క సావిన్‌కీ, బావ థోన్‌కీ ఈ సహకారం గురించి పెద్దగా తెలియదు. వాళ్లకి తెలిసింది లంక. వానలు తగ్గాక ఏరు పక్కకి ఒదిగి ఇసక లంకలు వదులుతుంది. ఊళ్లో పదకొండు ఇళ్లవాళ్లు వాటిలోకి దిగి పుచ్చ, వేరుశనగ వేస్తారు, గేదెల్ని కట్టేస్తారు. సొంత భూమి లేనివాళ్లకి ఏడాది తిండి ఆ నాలుగు నెలల్లోనే. ఎండలు మండుతుంటే, ఆకాశంలో ఒక్క మబ్బు లేకుండా, వరద వస్తుంది. వచ్చి పోతుంది. తర్వాత ఫల్కున్‌కి ఉత్తరం వస్తుంది.

"ఒరేయ్, మీ ఆఫీసుకి ఉత్తరం వచ్చిందటగా, నీళ్లొస్తాయని?" అనేది సావిన్ ఫోన్లో.

"వచ్చిందక్కా. అవి పోయిన నెల నీళ్లు."

"మంచిది. పోయిన నెల కాయలు కూడా పోయిన నెలే పోయాయి. మీ ఆఫీసు వాళ్లు మాట తప్పరు."

ఇలా నడుస్తుండగా ఒక వర్క్‌షాపులో ఫల్కున్‌కి బున్‌థవీ దొరికాడు.

బున్‌థవీ పై దేశం మనిషి. పెద్ద ఆఫీసరేమీ కాదు, ఆనకట్ట గేట్ల దగ్గర పుస్తకం రాసేవాడు. రావాల్సిన డైరెక్టరుకి పన్నునొప్పి వచ్చి, టికెట్ వృథా అవుతుందని ఇతన్ని పంపారు. మూడు రోజులూ హోటల్లో ఉప్పూ కారం లేని తిండి. రెండోరోజు మధ్యాహ్నం ఫల్కున్ బల్ల కింద జేబులోంచి ప్రహోక్ డబ్బా తీశాడు. చేపల్ని ఊరబెట్టి చేసే ఆ పచ్చడి మూత తీస్తే ఎంత పెద్ద హోటలైనా ఊరి ఇల్లు అయిపోతుంది. చుట్టూ ఉన్న నాలుగు దేశాల ప్రతినిధులు ఏసీ వైపు అనుమానంగా చూశారు. అయిదో దేశం ప్రతినిధి మాత్రం కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఒక్కడివే తింటావా?" అన్నాడు బున్‌థవీ.

స్తుంగ్ త్రెంగ్‌లో సగం మందికి పై దేశం భాష అమ్మమ్మల నుంచి వచ్చింది. ఫల్కున్‌కి కూడా అంతే. డబ్బా అయిపోయేలోపు ఫల్కున్ అక్క లంక గురించి చెప్పాడు. బున్‌థవీ చెయ్యి తుడుచుకుని, "దానికి ఉత్తరం ఎందుకు? గేట్లు ఎత్తమని నాకు ముందురోజే చెబుతారు. నేను నీకు ఫోన్ చేస్తా," అన్నాడు.

ఈ ఉపాయం అప్పటిదాకా జరిగిన పదహారు వర్క్‌షాపుల్లో ఎవరికీ తట్టలేదు.

చెప్పినట్టే చేశాడు. ఫోన్ మోగేది. "రేపు పొద్దున ఆరింటికి. నాలుగు గేట్లు," అనేవాడు. పెట్టేసేవాడు. ఫల్కున్ వెంటనే అక్కకి చేసేవాడు. థోన్ బావ గట్టు మీద నిలబడి ఖాళీ నూనె డబ్బా వాయించేవాడు. పదకొండు ఇళ్లవాళ్లూ గేదెల్ని తోలుకుని, కాసిన కాయలు కోసుకుని, తాపీగా తిట్టుకుంటూ గట్టెక్కేవాళ్లు. రెండేళ్లలో తొమ్మిది ఫోన్లు. ఒక్క దూడ కూడా కొట్టుకుపోలేదు. పదకొండో రోజు ఉత్తరం వచ్చేది, ఫల్కున్ కృతజ్ఞతలు రాసేవాడు.

సుఖంగా ఉన్న మనిషికి గోడ కనిపిస్తుంది. ఫల్కున్‌కి తన ముందుగది గోడ కనిపించింది.

పక్కింటి కిమ్‌లెంగ్ వ్యవసాయ శాఖలో చేస్తాడు. వాళ్ల ముందుగదిలో తొమ్మిది సర్టిఫికెట్లు, తొమ్మిదింటికీ బంగారు రంగు ఫ్రేములు, పైన వాటికోసమే పెట్టించిన చిన్న లైట్లు. కరెంటు పోతే ఆ ఇంట్లో ముందు ఫ్యాన్‌కి పెట్టిన బ్యాటరీ తీసి ఆ లైట్లకి తగిలిస్తారు. వాటిలో ఒకటి ఎలకల నివారణ మీద సగం రోజు శిక్షణకి ఇచ్చింది. అది నడిమధ్యన ఉంటుంది, ఎందుకంటే దాని మీద మూడు దేశాల జెండాలున్నాయి.

"ఇవాళ కిమ్‌లెంగ్ వాళ్లావిడ మనింటికొచ్చింది," అంది ఫల్కున్ భార్య మొలిక, చేప ముక్కలు కోస్తూ.

"ఏమంది?"

"ఏం అనలేదు. మీ గోడ ఎంత ప్రశాంతంగా ఉందో అంది."

ఫల్కున్ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వారమే డైరెక్టరు సోఫియన్ సార్ అందరినీ పిలిచాడు. పెద్ద ప్రాంతీయ సమావేశం జరగబోతోందట, సముద్రం ఒడ్డున హోటల్లో. ఒక్కో దేశం సహకారం మీద ఒక్కో విజయగాథ తేవాలట. "మన దగ్గర విజయగాథ ఏముంది?" అని అడిగాడు. అందరూ బల్ల వైపు చూశారు. విజయం లేని ఆఫీసులో బల్లలు చాలా ఆసక్తిగా ఉంటాయి. అప్పుడు ఒక చెయ్యి లేచింది. ఫల్కున్ తలెత్తి చూస్తే అది తనదే.

బున్‌థవీకి విషయం తెలిసి ఫోన్ చేశాడు. ఈసారి గేట్ల కోసం కాదు.

"తమ్ముడూ, ఏమైనా చెప్పుకో. ఆ ఫోన్ సంగతి మాత్రం అక్కడ ఎత్తకు."

"నీ పేరు రానివ్వనన్నా. ఒట్టు."

"పేరు కాదు నా బాధ. ఎవరూ చూడట్లేదు కాబట్టి నడుస్తోందిది. చూశారనుకో, బాగుచేస్తారు."

ఫల్కున్ నవ్వాడు. ఆనకట్ట దగ్గర ఒంటరిగా ఉండేవాళ్లకి ఇలాంటి భయాలు మామూలే అనుకున్నాడు. కొత్త బాతిక్ చొక్కా కొన్నాడు. అది పొట్ట దగ్గర కొంచెం బిగుతుగా ఉంది, కానీ సమావేశాల్లో పొట్ట బల్ల వెనకాలే ఉంటుంది కదా అని మొలిక ఒప్పుకుంది.

ఫల్కున్ పంతొమ్మిది స్లైడ్లు చూపించాడు. మొదటి పన్నెండింటిలో ఆశయాలున్నాయి. పదమూడోదాంట్లో రెండు టెలిఫోన్ల బొమ్మలు, మధ్యలో ఒక చుక్కల గీత. గీత అటు నుంచి ఇటు నడుచుకుంటూ వచ్చేలా రెండు రాత్రులు కూర్చుని నేర్చుకున్నాడు. హాలు చప్పట్లు కొట్టింది. ఎనిమిదేళ్లలో అతని మాటకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సోఫియన్ సార్ పక్కవాళ్లతో "మావాడే" అన్నాడు.

ముందు వరసలో కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ చెయ్యెత్తింది. ఏ దేశమో అతనికి గుర్తులేదు. "చాలా బాగుంది. ఈ ఫోన్ ఏ నిబంధన కింద చేసుకుంటున్నారు?" అని అడిగింది.

"స్నేహం కింద మేడమ్," అన్నాడు ఫల్కున్.

హాలంతా నవ్వింది, మళ్లీ చప్పట్లు కొట్టింది. ఆవిడ కూడా నవ్వి, కళ్లజోడు సర్దుకుని, ఏదో రాసుకుంది.

ఆవిడ రాసుకున్నది మర్నాడు తీర్మానంగా వచ్చింది. కింది దేశపు అద్భుతమైన అనుభవాన్ని ఒక వ్యక్తి మంచితనం మీద వదిలెయ్యకూడదు, దాన్ని పటిష్ఠం చెయ్యాలి. అందుకు "సత్వర సమాచార యంత్రాంగం" ఏర్పాటవుతుంది. రెండు రాజధానుల్లో రెండు బల్లలు ఉంటాయి. ఇరవై ఆరు గళ్ల ఫారం ఉంటుంది. గందరగోళం రాకుండా, సొంతంగా చేసుకునే ఫోన్లు ఈరోజు నుంచి ఆపెయ్యాలి.

ఫల్కున్ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

అధ్యక్షుడు తెల్లజుట్టు పెద్దమనిషి. నవ్వుతూ, "ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు. ఈ సమావేశాల్లో ఓట్లుండవు. అందరూ ఒప్పుకుంటేనే ఒప్పుకున్నట్టు, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. కాదనేవాడు తన ముందున్న దేశం పేరుపలకని నిలువుగా నిలబెట్టాలి, అంతే. పలక ఫల్కున్ చేతికి జానెడు దూరంలో ఉంది. దాన్ని తిప్పడానికి రెండు వేళ్లు చాలు. కానీ తొమ్మిది దేశాల ముందు ఆ పెద్దాయన నవ్వు ఏమవుతుంది? సోఫియన్ సార్ ముఖం ఏమవుతుంది? వెనక ఫోటోగ్రాఫరు అప్పటికే గ్రూపు ఫోటోకి మెట్లు సర్దుతున్నాడు. భోజనాల వాసన వస్తోంది. తన విజయగాథ మీద తనే అభ్యంతరం చెప్పినవాడు ఎక్కడైనా ఉన్నాడా? తర్వాత విడిగా చెబుదాంలే అనుకున్నాడు. ఆ హాల్లో కూర్చున్న ప్రతివాడూ జీవితంలో చాలాసార్లు అనుకున్న మాటే అది.

అధ్యక్షుడి సుత్తి పడింది.

తర్వాత ఫోటో. చేతులు ఛాతీ ముందు అడ్డంగా వేసుకుని, కుడిచేత్తో ఎడమవాడి చెయ్యి, ఎడమచేత్తో కుడివాడి చెయ్యి పట్టుకుని, దేశాలన్నీ గొలుసులా నిలబడాలి. ఆ భంగిమలో ముక్కు దురద పెట్టినా ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఫల్కున్ నవ్వాడు.

సమావేశంలో ఇచ్చిన సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించారు, లైటు పెట్టించారు. కిమ్‌లెంగ్ చూడ్డానికి వచ్చి, దగ్గరగా వంగి, "సంతకం స్టాంపు కదూ ఇది? చేత్తో పెట్టింది కాదు," అని టీ తాగి వెళ్లాడు.

నెల తిరక్కుండా బున్‌థవీ ఫోన్ చేశాడు.

"నన్ను రాజధానికి వేశారు తమ్ముడూ. యంత్రాంగం బల్ల నాదే. ఏసీ గది, కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది."

"మంచిదే కదన్నా. మరి గేట్లు?"

"గేట్ల సంగతి ఇప్పుడు నీకంటే ఆలస్యంగా తెలుస్తుంది నాకు."

"అక్కడ నీ బదులు వచ్చినవాడి నంబరు ఇవ్వు."

"ఇస్తా. కానీ ఎత్తడు. వాడికి రూల్సు బాగా తెలుసు. నీ స్లైడ్లు వాడి శిక్షణలో చూపించారు కూడా." మళ్లీ తనే, "నిన్ను తిట్టడానికి చెయ్యలేదురా. కుర్చీ గురించి చెబుదామని," అన్నాడు.

ఫల్కున్ ఆ నంబరుకి ఆరుసార్లు చేశాడు. ఎత్తలేదు.

ఇక అక్కకి చెప్పాలి. ఆదివారం పనిగట్టుకుని వెళ్లాడు. దారి పొడుగునా మాటలు కూడగట్టుకున్నాడు. వెళ్లేసరికి లంకలో పొయ్యి వెలిగించి ఉంది, చేపలు కాలుతున్నాయి. ఊళ్లోవాళ్లు నలుగురు వచ్చి చూశారు. సావిన్ అందరికీ చెప్పింది, "వీడేనే మా తమ్ముడు. మన టెలిఫోను."

థోన్ బావ పెద్ద పుచ్చకాయ పగలగొట్టి నడిమి ముక్క అతని చేతిలో పెట్టాడు. చాలా నెమ్మదైన మనిషి. ఏడాది మొత్తం మాట్లాడాల్సిన మాటలు బావమరిది వచ్చినప్పుడే మాట్లాడతాడు.

"చూశావా, ఈసారి కింది లంకలోకి కూడా దిగాం. ఇన్నేళ్లలో ఎవడూ దిగలేదు. పారిపోడానికి టైము చాలదని భయం. ఇప్పుడు నువ్వున్నావుగా."

ఫల్కున్ నోట్లో పుచ్చకాయ ఉంది. మింగాడు. "ఇప్పుడు ఇంకా గట్టి ఏర్పాటు జరుగుతోంది బావా," అన్నాడు.

"అంటే ఏంటి, రెండుసార్లు ఫోన్ చేస్తావా?"

అందరూ నవ్వారు. ఫల్కున్ కూడా నవ్వాడు. ఇంత సంతోషంగా ఉన్నప్పుడు చెప్పడం బాగుండదనిపించింది. వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం పెళ్లి వచ్చింది, దాని తర్వాతిది ఆఫీసు వార్షికోత్సవం. ఆదివారాలు అలాగే వెళ్లాయి.

నీళ్లు శనివారం వచ్చాయి, మధ్యాహ్నం మూడింటికి.

ఫల్కున్ అప్పుడు కిమ్‌లెంగ్ కూతురి నిశ్చితార్థం పందిట్లో ఉన్నాడు. ఫోన్ మోగింది.

"ఒరేయ్, నీళ్లొస్తున్నాయి," అంది సావిన్. "నువ్వు ఫోన్ చెయ్యలేదేం?"

"ఎక్కడున్నావక్కా?"

"నేను గట్టు మీదే ఉన్నా. మీ బావ కింది లంకకి వెళ్లాడు గేదెల కోసం. అంచున నీళ్లు కొంచెం కదులుతుంటే నేను వద్దన్నా. ఫల్కున్ ఫోన్ చెయ్యలేదుగా, చేపలవాళ్ల పడవ అల అయ్యుంటుందిలే అని వెళ్లాడు."

"పిలువు. డబ్బా వాయించు!"

"డబ్బా వాయించేది ఆయనే కదరా."

నలభై కిలోమీటర్లు. అతను వెళ్లేసరికి లంకలు లేవు. ఊరి మగవాళ్లు పడవలేసుకుని తిరుగుతున్నారు. గేదెలు మూడూ ఈదుకుంటూ వాటంతటవే వచ్చి, గట్టు మీద నిలబడి నెమరేస్తున్నాయి. వాటి పక్కన సావిన్ నిలబడి ఉంది. ఆమె మెడలో ఉండాల్సిన గళ్ల తువ్వాలు చేతిలో ఉంది. ఊపి ఊపి ఆ చెయ్యి పైకి లేవడం మానేసింది. మంగళవారం పొద్దున నాలుగు మలుపుల కింద ఎవరో వేసిన వలలో థోన్ దొరికాడు.

ఆ రోజే ఆఫీసుకి ఫారం కూడా చేరింది. ఇరవై ఆరు గళ్లూ శుభ్రంగా నింపి ఉన్నాయి. శని ఆదివారాలు రాజధానిలో సెలవు కాబట్టి సోమవారం బల్ల మీదికి వచ్చి, మంగళవారం ఇటు పంపారు. కింద బున్‌థవీ సంతకం, చేత్తో పెట్టిందే.

సోఫియన్ సార్ పూలదండ పట్టుకుని అంత్యక్రియలకి వచ్చాడు. ఫల్కున్ భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్లాడు. "చాలా బాధగా ఉందయ్యా. మంచి మనిషి. కానీ ఒక్కటి చూడు, పదకొండు రోజుల దగ్గర్నుంచి మూడు రోజులకి తగ్గింది. నివేదికలో ఇది రావాలి."

"సార్, మా బావ..."

"తెలుసు, తెలుసు. దాన్నీ దీన్నీ కలపకు. అది కుటుంబ విషయం."

ఫల్కున్ తల ఊపాడు. ఊపినందుకు తన మెడ మీద తనకే అసహ్యం వేసింది. నివేదిక గురువారం పంపాడు. అందులో బావ లేడు.

ఏడోరోజు భిక్షువులు వచ్చి మంత్రాలు చదివి వెళ్లారు. మేళం ఆగిపోయింది. పందిట్లో ఊరివాళ్లు భోజనాలకి కూర్చుంటున్నారు. సావిన్ గుండు చేయించుకుని, తెల్లచొక్కాతో, విస్తళ్ల దగ్గర ఆకులు తుడుస్తోంది. ఫల్కున్ వెళ్లి పక్కన కూర్చుని తనూ ఒక ఆకు తీసుకున్నాడు.

"ఒకటి అడుగుతా," అంది ఆమె, తలెత్తకుండా. "ఆరోజు నీళ్లొస్తాయని నీకు తెలుసా?"

"తెలియదక్కా. నా మీదొట్టు."

"ఫోన్ రాదని?"

అతను ఆకుని అటూ ఇటూ తిప్పాడు. రెండుసార్లు తుడిచాడు.

"అది తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మూడు నెలలైంది."

ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. "అంటే మీ బావ నీకు పుచ్చకాయ కోసిచ్చిన రోజు తెలుసు."

"తెలుసు. చెబుదామనే వచ్చానక్కా ఆరోజు."

"మరి?"

"అందరూ నవ్వుతున్నారు."

సావిన్ అరుస్తుందని ఎదురుచూశాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు. అరిస్తే కాళ్లు పట్టుకోవచ్చు. ఆమె తుడిచిన ఆకుల్ని కట్టగా పేర్చి, అంచులు సమానంగా తట్టింది.

"పద, కూర్చో. వచ్చినవాళ్లంతా తినాలి," అంది.

అతన్ని వరసలో కూర్చోబెట్టి, ఆకు వేసి, అన్నం పెట్టి, చేపపులుసు పోసింది. మిగతావాళ్లకి ఎంత పోసిందో అంతే, బొట్టు తక్కువ కాదు, ఎక్కువ కాదు. తమ్ముడికని పక్కన పెట్టే తలకాయ ముక్క ఎదురుగా ఉన్న ముసలాయనకి వెళ్లింది.

"అక్కా, వచ్చే ఏడు లంకలోకి దిగొద్దు."

"ఏం తినమంటావు?"

ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదు.

ఎదురు వరసలో ముసలాయన తలకాయ ముక్క విప్పుకుంటూ, చెవి సరిగ్గా వినపడని మనిషి కావడంతో పందిరంతా వినపడేలా అడిగాడు. "ఏం నాయనా టెలిఫోనూ, మళ్లీ విత్తనాలు వేస్తాం కదా. ఇకనుంచి ముందుగా ఫోన్ ఎవరు చేస్తారు, నువ్వేనా, ఇంకెవరన్నానా?"

పదకొండు ఇళ్లవాళ్లు తినడం ఆపి ఫల్కున్ వైపు చూశారు. అతను నోరు తెరిచాడు. యంత్రాంగం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరూ చెయ్యరు తాతా," అంది సావిన్. పులుసు గిన్నె చంకనేసుకుని తర్వాతి వరసకి వెళ్లింది.